నాలుగు తరాల నాటి పాలస్తీనా పెళ్ళి గౌను, కోయొచ్చా? కుట్టుపని తెలిసినవాళ్ళు చెప్పండి

షార్జా_గృహిణి:
అందరికీ నమస్తే. మాది తణుకు దగ్గర పల్లెటూరు, పదకొండేళ్ళుగా షార్జాలో ఉంటున్నాం. మా పై అంతస్తులో ఒక పాలస్తీనా కుటుంబం ఉంది. మొన్న గురువారం వాళ్ళమ్మాయి గోరింటాకు ఫంక్షన్‌కి పిలిచారు. పెళ్ళిరోజు తెల్ల గౌనే వేసుకుంటుందట గానీ, గోరింటాకు రాత్రి మాత్రం నల్లగుడ్డ మీద ఎర్రదారంతో నిండుగా కుట్టిన పొడుగు గౌను వేసుకుంది. ఆ గౌనుని తోబ్ అంటారనీ, ఆ కుట్టుపనిని తత్రీజ్ అంటారనీ, అంతవరకే నాకు తెలుసు.

నేను అడగాలనుకున్నది దాని గురించి కాదు. భోజనాలయ్యాక పెళ్ళికూతురి నానమ్మ లోపలి గదిలోంచి పాత దిండు గలీబులో చుట్టిపెట్టిన ఇంకో గౌను తెచ్చి మంచం మీద పరిచింది. ఆవిడకి ఎనభై దాటాయి. అది ఆవిడ తల్లి పెళ్ళి గౌనట! ఫొటోలు తీశాను కానీ బయట ఎక్కడా పెట్టొద్దని పెద్దావిడ అడిగింది. అందుకే మాటల్లో రాస్తున్నాను.

గుడ్డ ముదురు నీలం, దాదాపు నలుపు. చేత్తో పట్టుకుంటే మన పాత నేత దుప్పటిలా బరువుగా, గరుగ్గా ఉంది. చేతులు మోచేతి నుంచి రెక్కల్లా విప్పారి కిందకి కోసుగా దిగాయి. పక్కల నిలువు పట్టీలుగా, వెనక కింది భాగంలో వెడల్పుగా, అంతా ఎర్రదారంతో ఇంటూ గుర్తు కుట్టు. కానీ రొమ్ము మీద ఉన్న చదరపు ముక్క మాత్రం పూర్తిగా వేరేలా ఉంది. బంగారు, వెండి పోగులు మెలికలు తిరిగి గుండ్రాలు, పూలు చేశాయి. వాటి మధ్యలో నారింజ, ఎరుపు, ఆకుపచ్చ, ఊదా పట్టుదారం నింపారు. ఒకే గౌనులో రెండు చేతుల పని ఉన్నట్టుంది. ఎందుకలా?

రెండో ప్రశ్న అసలుది. పెళ్ళికూతురు ఆ రొమ్ము ముక్కని కోయించి తన కొత్త గౌనుకి కుట్టించుకోవాలనుకుంటోంది. నాకు తెలిసిన టైలర్ ఉన్నాడని నన్ను సాయం అడిగింది. నాకు చెయ్యి ఆడటంలేదు. పెద్దావిడ ఊరి పేరు చెప్పింది కానీ ఆ సందడిలో "బైత్" అన్నంతవరకే వినిపించింది. ఏమైనా తెలిస్తే చెప్పండి.

మగ్గంపని_రాజమండ్రి:
అక్కా, మీరు రాసింది చదవగానే ఆ రొమ్ము ముక్క కళ్ళకి కట్టింది. మా మగ్గం పనిలోనూ ఇదే పద్ధతి ఉంది. జరీ పోగు మందంగా ఉంటుంది, సూదిలో ఎక్కించి గుడ్డలోంచి లాగితే పైన చుట్టిన లోహం విప్పుకుపోతుంది. అందుకని పోగుని గుడ్డ పైనే పరిచి, మనకి కావలసినట్టు వంపు తిప్పుకుంటూ, సన్నటి దారంతో అడుగడుక్కీ టాకా వేసి పట్టేస్తాం. తిరగేస్తే వెనక బంగారం కనపడకూడదు, చిన్న చిన్న టాకాలే కనపడాలి.

వీలైతే ముక్క అంచు తిరగేసి చూడండి. బంగారం వెనక్కి రాకపోతే నేను చెప్పిన పనే. ఇంకోటి, ఆ ముక్కకీ గౌనుకీ మధ్య అతుకు ఎలా ఉందో చూడండి. అతుకు పక్కన ఖాళీ సూది రంధ్రాలు ఏమైనా ఉన్నాయా? పాత పని చూసేటప్పుడు మేం ముందు చూసేది అదే.

అమ్మాన్‌లో_ఆరేళ్ళు:
షార్జా అక్కా, నేను జోర్డాన్‌లో సహాబ్ బట్టల ఫ్యాక్టరీల దగ్గర ఆరేళ్ళు క్వాలిటీ చెకింగ్ చేశాను. శుక్రవారం సెలవు దొరికితే అమ్మాన్ వెళ్ళేవాణ్ణి. అక్కడ వీదాద్ కవార్ అనే పెద్దావిడ దశాబ్దాలపాటు పోగుచేసిన పాలస్తీనా, జోర్డాన్ బట్టలతో తిరాజ్ అనే మ్యూజియం ఉంది. మూడుసార్లు వెళ్ళాను. కుట్టుపని మీద బతికేవాణ్ణి కదా, ఒక్కో గౌను ముందు అరగంట నిలబడేవాణ్ణి.

మీరు చెప్పిన రొమ్ము ముక్కని ఖబ్బా అంటారు. పోగు పరిచి టాకా వేసే ఆ పని బెత్లెహేముది. అరబీలో ఆ ఊరు బైత్ లహ్మ్. అక్కడి పెళ్ళికూతురు గౌనుని మలక్ అంటారు, రాచగౌను అని అర్థం. చారల పట్టుగుడ్డ మీద ఖబ్బా, పక్కలు, చేతులు, అన్నీ బంగారు వెండి పోగులే. పైన మఖ్మల్‌తో చేసిన పొట్టి కోటు, దాని పేరు తక్సీరె. పెళ్ళయిన ఆడవాళ్ళ తలమీద షత్వె అని గట్టి కోసు టోపీ, దానికి నాణేలు, పగడాలు కుట్టి, మీద తెల్ల ముసుగు.

కానీ అక్కా, మీ గౌను బెత్లెహేముది కాదనుకుంటున్నాను. అసలు మలక్ అయితే గుడ్డ చారలుగా ఉండాలి, పక్కల్లో ఇంటూ కుట్టు ఉండకూడదు. బెత్లెహేము ఆడవాళ్ళు ఈ పనిని వృత్తిగా చేసేవాళ్ళు. ఖబ్బాలు విడిగా కుట్టి అమ్మేవాళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు, కాస్త కలిగినవాళ్ళు, వాటిని కొనుక్కొచ్చి తమ ఊరి గౌను మీద కుట్టుకునేవాళ్ళు. పెళ్ళికి బెత్లెహేము ఖబ్బా ఉంటే గొప్ప. రెండు చేతుల పని అని మీరు పట్టుకున్నది నిజమే, బహుశా రెండు ఊళ్ళ పని.

ఇంటూకుట్టు:
నేను తెనాలిలో క్రాస్ స్టిచ్ నేర్పిస్తాను. ఈ కుట్టు గురించి నేనూ కొంచెం చెబుతాను. పాలస్తీనా పల్లెల్లో దీన్ని ఫల్లాహీ కుట్టు అంటారు, అంటే రైతు కుట్టు. గుడ్డ మీద ముందుగా బొమ్మ గీయరు. నిలువు పోగులు, అడ్డ పోగులు లెక్కపెట్టుకుంటూ వెళ్తారు. రెండు పోగులు వదలాలా, మూడా అన్నది నేత మందాన్ని బట్టి. ఒక్క పోగు తప్పితే ఆ వరస చివర చెట్టు పక్కకి వాలుతుంది. నా దగ్గరికి వచ్చే పిల్లలు గళ్ళు పడేలా నేసిన "ఐదా" అనే గుడ్డ మీద కూడా తప్పులు చేస్తారు. అలాంటిది వీళ్ళు చేనేత నారగుడ్డ మీద, దీపం వెలుగులో, కంటితో లెక్కపెట్టి ఒళ్ళంతా కుట్టారు.

తిరగేసి చూడండక్కా. మంచి పనిదనం ఉన్నామె కుట్టు వెనక వైపు కూడా ముందులాగే శుభ్రంగా ఉంటుంది. కొత్తగా నేర్చుకునే పిల్ల కుట్టుని పెద్దవాళ్ళు వెనక నుంచే చూసి మార్కులు వేస్తారు.

తండా_ఆడపడుచు:
మాది దేవరకొండ వైపు లంబాడీ తండా. ఈ పోస్టు చదివి రాత్రి నిద్రపట్టలేదు. మా అవ్వ పెళ్ళి కాంచళి (రవిక), ఫేటియా (లంగా) మా ఇంట్లో రేకు పెట్టెలో ఉన్నాయి. అద్దాలు, గవ్వలు, పాత నాణేలు కుట్టిన కాంచళి. మా అవ్వే కుట్టుకుంది, కొన్నది కాదు. నా పెళ్ళికి అందరిలాగే పట్టుచీర కట్టుకున్నాను. ఇప్పుడు ఆ కాంచళి కుట్టు వేయగలిగినవాళ్ళు మా తండాలో ఇద్దరే మిగిలారు.

ఆ అమ్మాయిని తప్పుపట్టకండి. పెట్టెలో ఉంచితే ఎవరూ వేసుకోరు. ఒంటి మీద వేసుకోవాలని ఆమెకి అనిపించిందంటే అది ప్రేమే. కోయడం మాత్రం నాకూ కష్టంగానే ఉంది.

పాతబట్టల_పెట్టె:
నేను కొన్నేళ్ళు ఒక మ్యూజియంలో బట్టలు భద్రపరిచే విభాగంలో పనిచేశాను. ముందు అర్జెంటుగా చెప్పాల్సింది: ఎవరూ ఉతకొద్దు. డ్రై క్లీనింగ్‌కి కూడా ఇవ్వొద్దు. పాత ఎరుపు రంగు నీళ్ళు తగిలితే దిగిపోతుంది, లోహపు పోగు నల్లబడుతుంది. హ్యాంగర్‌కి తగిలించొద్దు. ఖబ్బా బరువుకి భుజాల దగ్గర గుడ్డ చిరుగుతుంది. ఉతికి ఆరేసిన పాత తెల్ల నూలు చీర పరిచి, దాని మీద వెడల్పుగా పడుకోబెట్టి, మడత తప్పనిచోట లోపల గుడ్డ చుట్ట పెట్టండి. కలరా ఉండలు తగలనివ్వొద్దు. మన పట్టుచీరలకి చేసినట్టే ఏడాదికి రెండుసార్లు మడత మార్చాలి.

ఇక కోయడం గురించి నా మాట: వద్దు. గౌను మొత్తంగా ఉంటేనే అది ఏ ఊరిదో చదవగలం. ఖబ్బా వేరు చేస్తే అది ఒక అందమైన ముక్క అవుతుంది, అంతే.

అమ్మాన్‌లో_ఆరేళ్ళు:
పెట్టె గారూ, మీ మాట మీద నాకు గౌరవం ఉంది. ఒక సంగతి మాత్రం చెప్పాలి. గౌను గుడ్డ చిరిగిపోయినప్పుడు కుట్టు ఉన్న భాగాలు కోసి కొత్త గౌనుకి కుట్టుకోవడం ఆ ఊళ్ళలో ఎప్పటినుంచో ఉన్న అలవాటే. గుడ్డ పదిహేనేళ్ళకి పోతుంది, కుట్టు పోదు. నెలల తరబడి కుట్టినదాన్ని ఎవరు పారేస్తారు? మ్యూజియంలో ఒకే గౌనులో మూడు వయసుల ముక్కలు ఉన్నవి నేనే చూశాను. ఆ అమ్మాయి అడుగుతున్నది వాళ్ళ ముత్తవ్వలు చేసినదే.

పాతబట్టల_పెట్టె:
తమ్ముడూ, ఆ అలవాటు నాకు తెలుసు. అప్పుడు ఊరు ఉంది. ఊళ్ళో అదే రకం గౌన్లు ఇంటికి నాలుగు ఉండేవి. ఒకటి కోసినా పక్కింట్లో ఇంకోటి చూసి పిల్లలు నేర్చుకునేవాళ్ళు. ఇప్పుడు ఆ ఊరే లేకపోతే, మిగిలిన ఒక్క గౌనూ కోస్తే, చూసి నేర్చుకోవడానికి ఏముంటుంది? అందుకే అంటున్నాను.

నీలిమందు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, రిటైర్డ్ చరిత్ర మాస్టారిని. గుడ్డ ముదురు నీలం అన్నారు కాబట్టి రెండు మాటలు. అది నీలిమందు రంగు. జెరికో వైపు, జోర్డాన్ లోయలో నీలి మొక్క సాగు ఉండేది. అరబీలో దాని పేరు నీల్. మన నీలం, సంస్కృతం నీల, ఆ మాటే అటు వెళ్ళింది. మచిలీపట్నం రేవు నుంచి కోరమండల్ నీలిమందు ఓడలెక్కిన కాలం గురించి పాఠం చెప్పినప్పుడల్లా ఈ మాట ప్రయాణం పిల్లలకి చెప్పేవాణ్ణి.

వాళ్ళ దగ్గర నీలానికి ఒక బాధ కూడా ముడిపడి ఉంది. ఎరుపు పెళ్ళి రంగు. ఇంట్లో చావు జరిగితే ఆడవాళ్ళు ఎర్ర కుట్టు ఉన్న గౌనుని నీలి తొట్టిలో ముంచేవాళ్ళు, ఎరుపు మసకబారడానికి. నెగెవ్ ఎడారి సంచార జాతుల్లో అయితే పెళ్ళికాని పిల్లకీ, భర్త పోయినామెకీ నీలి కుట్టు, పెళ్ళయినామెకి ఎర్ర కుట్టు. దూరం నుంచే తెలిసిపోయేది.

అమ్మాయి గారూ, మీరు చూసిన గుడ్డ నేతలోనే నీలమా, తర్వాత ముంచినదా? ఎర్రదారం మీద నీలి ఛాయ ఏమైనా ఉందా?

షార్జా_గృహిణి:
మాస్టారూ, అన్నా, అందరికీ చాలా థాంక్స్. ఈరోజు మధ్యాహ్నం పైకి వెళ్ళి మళ్ళీ చూశాను. పెద్దావిడ నా చేతికిచ్చి కూర్చుంది.

ఎరుపు ఎరుపుగానే ఉంది, నీలి ఛాయ లేదు. ఖబ్బా వెనక బంగారం కనపడలేదు, రాజమండ్రి తమ్ముడు చెప్పినట్టే చిన్న టాకాలు. ఇంటూ కుట్టు తిరగేస్తే నాకు ముందేదో వెనకేదో తేల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది. అంత శుభ్రంగా ఉంది.

పక్కల మీద బొమ్మలు ఇవీ. సన్నగా పైకి లేచిన చెట్లు, ఒకదాని కింద ఇంకోటి తలకిందులుగా. త్రికోణాలు. ఒక పొడుగాటి కొమ్మ, దానికి రెండువైపులా ఆకులో పూలో తెలియనివి.

లోపలివైపు నడుము దగ్గర ఒక అతుకు చూశాను. తెల్లటి గోతాం గుడ్డ. చెరిగిపోయిన నీలి అక్షరాలు ఒకటి రెండు ఉన్నాయి. ఇదేంటని సైగ చేసి అడిగాను. పెద్దావిడ "తహీన్" అంది. పిండి. పిండి బస్తా గుడ్డ.

మగ్గంపని_రాజమండ్రి:
అతుకు దగ్గర ఖాళీ రంధ్రాలు చూశారా అక్కా?

షార్జా_గృహిణి:
అయ్యో, అది మర్చిపోయాను తమ్ముడూ. రేపు తప్పకుండా చూస్తాను.

అమ్మాన్‌లో_ఆరేళ్ళు:
అక్కా, సన్నటి చెట్టు అంటే సరూ, దేవదారు లాంటి సైప్రస్ చెట్టు. అది పాలస్తీనా అంతటా ఉంటుంది. త్రికోణం తాయెత్తు గుర్తు, దిష్టి తగలకుండా. రెండువైపులా పూలున్న కొమ్మ ముఖ్యం. దాని పేరు నఫ్నూఫ్ అయ్యుండొచ్చు. అదే అయితే, మీరు "బైత్" అని విన్నది బైత్ దజన్ కావచ్చు. జాఫా రేవు దగ్గరి ఊరు. నారింజ తోటలతో కలిగిన ఊరు కాబట్టి బెత్లెహేము ఖబ్బాలు కొనగలిగారు.

బైత్ అంటే ఇల్లు. మనకి పాడు, పల్లె ఉన్నట్టు అక్కడ ఎన్నో ఊళ్ళ పేర్లు అలాగే మొదలవుతాయి, కాబట్టి ఖాయంగా చెప్పలేను. ఆవిడనే అడగండి.

ఆ ఊరు ఇప్పుడు లేదు. 1948లో ఖాళీ అయిపోయింది. ఆ ఏడాది 400కి పైగా పాలస్తీనా ఊళ్ళు ఖాళీ అయ్యాయి, 7 లక్షల మందికి పైగా ఇళ్ళు వదిలారు. దాన్ని వాళ్ళు నక్బా అంటారు. పిండి బస్తా గుడ్డ శరణార్థి శిబిరాల కాలానిది. రేషన్ పిండి వచ్చిన బస్తాలతో పిల్లల బట్టలు, గౌను అతుకులు, కుట్టు నేర్చుకునే ముక్కలు, అన్నీ చేసుకున్నారు.

కొత్తసభ్యుడు_హన్మకొండ:
ఒక సందేహం. ఇలాంటి ఎంబ్రాయిడరీ గౌన్లు సిరియాలో, జోర్డాన్‌లో కూడా ఉంటాయి కదా? అరబ్బులందరిదీ ఉమ్మడి డ్రెస్ అనుకోవచ్చుగా. పాలస్తీనాది అని ప్రత్యేకంగా అనడం ఇప్పటి రాజకీయాల వల్లేనా?

అమ్మాన్‌లో_ఆరేళ్ళు:
తమ్ముడూ, ప్రశ్న మంచిదే. పోచంపల్లిలోనూ ఇకత్ ఉంది, ఒడిశాలోనూ ఉంది, గుజరాత్ పాటన్‌లోనూ ఉంది. చూసినవాడికి ఏది ఎక్కడిదో తెలుస్తుంది కదా. ఇదీ అంతే. జోర్డాన్‌లో సల్త్ ఊరి గౌను చూశాను. మనిషి ఎత్తుకి రెట్టింపు పొడవున్న నల్లగుడ్డ, నడుము దగ్గర మడిచి వేలాడదీసి కట్టుకుంటారు. పాలస్తీనా గౌన్లలో అది మామూలుగా కనపడదు. పాలస్తీనా లోపల కూడా రమల్లాది తెల్ల నారగుడ్డ మీద ఎర్ర పట్టు, ఎత్తయిన ఖర్జూర చెట్టు బొమ్మ. గెలీలీలో పాతకాలంలో ముందు తెరిచిన కోటు మీద పట్టు ముక్కలు అతికేవాళ్ళు. నాబ్లుస్ వైపు పల్లెల్లో కుట్టు తక్కువ, ఆడవాళ్ళకి పొలం పని ఎక్కువ అంటారు. గౌను చూసి ఊరు చెప్పేవాళ్ళు ఉండేవాళ్ళు. అమ్మాన్ మ్యూజియంలో నాకు చూపించిన ఆవిడ అలాగే చెప్పేది.

2021లో యునెస్కో పాలస్తీనా కుట్టుపనిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

షికాగో_శివారు:
రాజకీయం అన్నారు కాబట్టి నేనూ రాస్తాను. మేముండేది షికాగో పక్కన బ్రిడ్జ్‌వ్యూ దగ్గర. ఇక్కడ పాలస్తీనా వాళ్ళు చాలామంది. మా అబ్బాయి క్లాస్‌మేట్ వాళ్ళమ్మ నాకు మంచి ఫ్రెండ్. 2019 జనవరిలో పాలస్తీనా మూలాలున్న రషీదా త్లైబ్ అమెరికా కాంగ్రెస్‌లో ప్రమాణస్వీకారానికి తన తల్లి గౌను వేసుకున్నప్పుడు, మా ఫ్రెండ్ రోజంతా ఏడుస్తూనే ఉంది. ఎక్కడెక్కడి ఆడవాళ్ళో తమ తల్లుల, నానమ్మల తోబ్ వేసుకుని ఫొటోలు పెట్టారు ఆ వారం.

ఆమె చెప్పిన ఇంకో సంగతి. 1967 తర్వాత వెస్ట్ బ్యాంక్, గాజాల్లో పాలస్తీనా జెండా పట్టుకుంటే అరెస్టు. 1993 వరకు అంతే. 1987లో ఇంతిఫాదా అనే తిరుగుబాటు మొదలయ్యాక ఆడవాళ్ళు జెండా రంగుల్ని, దేశం మ్యాపుని, తమ గౌన్ల మీద ఇంటూ కుట్టుతో కుట్టేశారు. చేతిలో జెండా లాక్కోవచ్చు, ఒంటి మీది గౌను లాక్కోలేరు కదా. ఆమె పెద్దమ్మ గౌను అలాంటిదే. ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు, నలుపు. పాత పూల బొమ్మల మధ్యలో చిన్న చిన్న జెండాలు.

కాబట్టి హన్మకొండ తమ్ముడూ, రాజకీయం బయటి నుంచి తెచ్చి ఈ గౌనుకి అంటించలేదు. ఆ కుట్టిన ఆడవాళ్ళ జీవితంలోకి అదే వచ్చి పడింది.

కొత్తసభ్యుడు_హన్మకొండ:
అర్థమైంది అక్కా. నాకు నిజంగా తెలియదు. మా అమ్మ చేనేత కార్మికురాలు, ఇదంతా చదివి వినిపించాను. రమల్లా ఖర్జూర చెట్టు ఎలా ఉంటుందో చూపించమంది.

ఇంటూకుట్టు:
దారం గురించి ఒక మాట. షార్జా అక్క చూసిన ఎర్రదారం మెరుస్తూ ఉందా, మసగ్గా ఉందా? పాతకాలం పట్టుదారం, సిరియా వైపు నుంచి వచ్చేది. 1930ల నుంచి ఫ్రాన్సు కంపెనీ డీఎంసీ నూలుదారం ఆ ఊళ్ళ సంతల్లోకి వచ్చింది. రంగు దిగదు, చవక. దాంతోపాటు డీఎంసీ నమూనా పుస్తకాలు వచ్చాయి. యూరప్ గులాబీలు, పక్షుల జంటలు పాలస్తీనా గౌన్ల మీదకి అలా ఎక్కాయి. పాత తరం వాళ్ళు చెట్టునీ, తాయెత్తునీ కోణాల్లో చూశారు. తర్వాత తరం వాళ్ళు గుండ్రటి రేకుల పూలు కుట్టడం మొదలుపెట్టారు. నా బీరువాలోనూ డీఎంసీ లచ్చీలే ఉన్నాయి. అదే దారం అక్కడ పెళ్ళికూతురు గౌనుకి వాడారని తెలిసిన రోజు ఆ డబ్బా తెరిచి కాసేపు అలా చూస్తూ కూర్చున్నాను.

ఇంకో కిటుకు. ఇప్పుడు మఖ్మల్ లాంటి పోగులు లెక్కపెట్టలేని గుడ్డ మీద కుట్టాలంటే పైన గళ్ళ కాన్వాస్ టాకా వేసుకుని, రెండింటినీ కలిపి కుట్టి, అయిపోయాక కాన్వాస్ పోగులు ఒక్కొక్కటే పీకేస్తారు. షార్జా అమ్మాయి కొత్త గౌను కుట్టుకోవాలంటే ఇది తేలిక దారి.

తండా_ఆడపడుచు:
ఈ కిటుకు మా అవ్వ కాంచళి నమూనా తియ్యడానికి పనికొస్తుందా అక్కా?

ఇంటూకుట్టు:
అద్దం కుట్టుకి పనికిరాదు చెల్లీ, అంచుల్లో ఉండే లెక్క కుట్టుకి పనికొస్తుంది. ముందు గళ్ళ కాయితం మీద ఒక్కో కుట్టు లెక్కపెట్టి గీసుకో. నీకు కావాలంటే నేను ఫోన్‌లో నేర్పిస్తాను. ఆ ఇద్దరు పెద్దవాళ్ళ పక్కన కూర్చుని చెయ్యి, వాళ్ళు ఉండగానే.

కొనాలనుకుంటున్నా:
మా వదిన దుబాయ్‌లో ఇలాంటి గౌను కొందామనుకుంటోంది. మెషీన్ పనో చేతిపనో ఎలా తెలుస్తుంది?

మగ్గంపని_రాజమండ్రి:
తిరగేసి చూడమనండి. మెషీన్ పనికి వెనక తెల్లటి బాబిన్ దారం, అంటించిన కాగితం లాంటి గుడ్డ ఉంటుంది. చేతిపనిలో ఎక్కడో ఒకచోట దారం రంగు కొంచెం మారుతుంది, లచ్చీ అయిపోయి కొత్తది ఎత్తుకున్న చోట.

షికాగో_శివారు:
కొనేటప్పుడు డబ్బు ఎవరికి చేరుతుందో కూడా చూడమనండి. రమల్లా పక్కన అల్ బిరేలో 1965లో సమీహా ఖలీల్ స్థాపించిన ఇన్‌ఆష్ అల్ ఉస్రా అనే సంస్థ ఉంది. గాజాలో శరణార్థి స్త్రీల చేత కుట్టించే సులాఫా అనే కేంద్రం 1950 నుంచి ఐక్యరాజ్యసమితి పాలస్తీనా శరణార్థుల సంస్థ కింద నడిచింది. లెబనాన్ శిబిరాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. మా ఫ్రెండ్ అలాంటి చోటే కొంటుంది. గాజా పక్కన మజ్దల్ అనే నేతగాళ్ళ ఊరు ఉండేది. అక్కడ ఆకుపచ్చ, ఎరుపు చారలతో ఒక గుడ్డ నేసేవాళ్ళు, దాని పేరు "జన్నా వ నార్", స్వర్గం నరకం. ఆ నేతగాళ్ళు 1948 తర్వాత గాజాకి వచ్చి మళ్ళీ మగ్గాలు వేసుకున్నారు. 2023 అక్టోబరు నుంచి గాజా వార్తలు చూస్తుంటే నాకు ఆ మగ్గాలే గుర్తొస్తున్నాయి.

షార్జా_గృహిణి:
నాలుగు రోజులు రాలేకపోయాను, క్షమించండి. చాలా సంగతులున్నాయి.

ముందు ఊరు. అమ్మాన్ తమ్ముడు చెప్పింది నిజం, బైత్ దజన్. నేను ఆ పేరు పలికేసరికి పెద్దావిడ నా ముఖం పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. నీకెలా తెలుసని మనవరాలి చేత అడిగించింది. మా తెలుగువాళ్ళు చెప్పారన్నాను. ఆవిడ ఆ ఊరు వదిలేనాటికి ఐదేళ్ళ పిల్ల. గుర్తున్నది బావి ఒక్కటేనట. పెళ్ళయిన కొన్నాళ్ళకి కొత్తకోడలు మంచి గౌను వేసుకుని ఊరి ఆడవాళ్ళతో బావి దగ్గరికి వెళ్ళేదనీ, తన తల్లి ఈ గౌనుతోనే వెళ్ళిందనీ చెప్పింది. అది తను చూసింది కాదు, తల్లి చెప్పగా విన్నది.

ఇక రంధ్రాలు. రాజమండ్రి తమ్ముడూ, ఉన్నాయి! ఖబ్బా అంచు చుట్టూ ఇప్పటి కుట్టు కాకుండా, దానికి అర అంగుళం లోపల ఇంకో వరస ఖాళీ రంధ్రాలు. కొన్నిచోట్ల పాత ఎర్రదారం తునకలు కూడా ఇరుక్కుని ఉన్నాయి. పెద్దావిడకి చూపించాను. కళ్ళద్దాలు తెచ్చుకుని చాలాసేపు చూసింది. తర్వాత నవ్వి, తన అమ్మమ్మ గౌను మీది ఖబ్బా ఇది అయ్యుంటుందంది. వాళ్ళమ్మ పెళ్ళికి అక్కడి నుంచి విప్పి దీనికి కుట్టారన్నమాట. అంటే గౌను నాలుగు తరాలది, ఖబ్బా ఐదు తరాలది.

మగ్గంపని_రాజమండ్రి:
అర అంగుళం లోపల అంటే మొదటి గౌనుకి అంచు ఎక్కువ మడిచి కుట్టారక్కా. రెండోసారి మడత తగ్గించి విడిచారు. కోయలేదు, విప్పారు. పని తెలిసిన చెయ్యి.

పాతబట్టల_పెట్టె:
ఇది చదివాక నేను ముందు గట్టిగా "వద్దు" అన్నది కొంచెం మార్చుకుంటున్నాను. కత్తెర మాత్రం ముట్టుకోవద్దు. నిర్ణయం పెద్దావిడది.

షార్జా_గృహిణి:
పెద్దావిడ నిర్ణయం కూడా అయిపోయింది. నేను మీ అందరి మాటలూ మనవరాలికి ఇంగ్లీషులో చెప్పాను, తను అరబీలో నానమ్మకి చెప్పింది. గంటసేపు ముగ్గురం మంచం మీదే కూర్చున్నాం. ఆవిడ అన్నది ఇది: ఖబ్బా ఇస్తాను, కానీ ఖబ్బాని అతికించడానికి ఒక గౌను ఉండాలి కదా. పక్కలకి కుట్టు లేకుండా నల్ల మఖ్మల్‌కి బంగారం అంటించుకుని తిరిగితే అది బైత్ దజన్ గౌను కాదు. పక్కలు నువ్వు కుట్టు. రెండు పక్కలూ పూర్తయిన రోజు నేనే విప్పి నీకు ఇస్తాను.

పెళ్ళి వచ్చే శుక్రవారం, అప్పటికి అయ్యే పని కాదు. అమ్మాయి ముఖం చిన్నబోయింది. కాసేపటికి ఫోన్ పక్కన పెట్టి, ఎలా మొదలుపెట్టాలని అడిగింది. నేను కిందకి వచ్చి, ఇంటూకుట్టు అక్క చెప్పినట్టు మార్కెట్లో గళ్ళ గుడ్డ, రెండు ఎర్ర లచ్చీలు కొనిచ్చాను. పెద్దావిడ కాన్వాస్ కిటుకు ఒప్పుకోలేదు, ముందు లెక్క రావాలంది.

నిన్న సాయంత్రం వెళ్ళేసరికి అమ్మాయి సరూ చెట్టు కింది భాగం మూడు వరసలు కుట్టింది. నాకైతే బాగానే కనిపించింది. పెద్దావిడ తీసుకుని ముందువైపు చూడనే లేదు. తిరగేసి, వేలితో తడిమి, రెండో వరసలో ఒకచోట ఆపింది. ఒక పోగు ఎక్కువ వదిలిందట. సూది మొనతో మూడు వరసలూ విప్పేసి, దారాన్ని వేలికి చుట్టి సాపుచేసి, మళ్ళీ అమ్మాయి చేతికిచ్చింది.

ఇంటూకుట్టు:
ఆ దారమే మళ్ళీ వాడిస్తోందా?

షార్జా_గృహిణి:
అదే దారం అక్కా. ఈరోజు పొద్దున్నే మెసేజ్ వచ్చింది, వెనక వైపు ఫొటో తీసి పంపింది. నాలుగు వరసలు.